పర్లాకిమిడి నుంచి బ్రిటనీ పల్లెదారులకు: రోడ్డు సైకిలు యాత్ర వేసుకునే విధం

ఫ్రాన్స్ దేశపు వాయవ్య మూలన అట్లాంటిక్ సముద్రంలోకి పొడుచుకొచ్చిన బ్రిటనీ ప్రాంతంలో సైకిలు తొక్కాలని బయలుదేరే మనవాళ్ళు చేసే మొదటి తప్పు దారిని కిలోమీటర్లలో లెక్కవేసుకోవడం. పర్లాకిమిడి నుంచి కాశీనగరం మీదుగా గుణుపురం దాకా పోయి, అదే పూట తిరిగి వచ్చే అలవాటున్నవారికి రోజుకు 150 కిలోమీటర్లు పెద్ద దూరంగా తోచదు. 2023 ఆగస్టులో అక్కడికి వెళ్ళే ముందు నేనూ మా బావా ఇంటి అరుగు మీద కూర్చుని వేసుకున్న పథకం కూడా అలాంటిదే. బ్రిటనీలో అన్నింటికన్నా ఎత్తయిన చోటు 385 మీటర్లు. మన గజపతి జిల్లాలోని మహేంద్రగిరి 1501 మీటర్లు. ఈ రెండంకెలనూ పక్కపక్కన రాసి మా బావ నవ్వాడు. అక్కడ తొక్కిన రెండో రోజు సాయంత్రం ఎనభయ్యో కిలోమీటరు దగ్గర గట్టు మీద చతికిలబడి, "ఇదేటి బావా, కొండ లేదు గానీ ఎక్కుడు మానదేటి!" అన్నాడు. ఆ ఎక్కుడును ముందే లెక్కలోకి తీసుకుని యాత్ర ఎలా వేసుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బ్రిటనీ లోపలి భాగం చాలా పాత, గట్టి రాతి నేల. దాన్ని లెక్కలేనన్ని వాగులు కోసుకుంటూ పోయాయి. పల్లెరోడ్డు వాగు దగ్గరకు దిగి, చిన్న రాతి వంతెన దాటి, వెంటనే అవతలి గట్టు ఎక్కుతుంది. ఆ ఎక్కుడు అర కిలోమీటరో కిలోమీటరున్నరో ఉంటుంది. వాలు నూటికి నాలుగు నుంచి ఎనిమిది మధ్య ఉంటుంది. పైకి చేరి ఊపిరి తీసుకునేలోపు మళ్ళీ దిగుడు, మళ్ళీ వాగు. కొండ ఎక్కేటప్పుడు మనిషి ఒక లయ పట్టుకుని గంటసేపు సాగిపోగలడు. ఇక్కడ ఆ లయ కుదిరేలోపే ఎక్కుడు అయిపోతుంది. ఈ దారుల మీదుగానే సాగే పారిస్–బ్రెస్ట్–పారిస్ అనే 1200 కిలోమీటర్ల యాత్రలో మొత్తం ఎక్కుడు 11,000 నుంచి 12,000 మీటర్ల మధ్య ఉంటుంది. అంటే మహేంద్రగిరిని సముద్రమట్టం నుంచి ఏడెనిమిది సార్లు ఎక్కినట్టు. కాబట్టి ప్రతి వంద కిలోమీటర్లకు వెయ్యి మీటర్ల ఎక్కుడు ఉంటుందని ముందే రాసుకోండి. దీనికి తోడు అక్కడి పల్లెరోడ్ల మీద కంకర పలుకులు తేలిన గరుకు తారు ఉంటుంది; చక్రం జారదు గానీ తేలికగా దొర్లదు కూడా. గుణుపురం రోడ్డు మీద గంటకు 24 కిలోమీటర్లు పోయేవారు అక్కడ 18 లెక్క వేసుకోవాలి. రోజుకు 80 కిలోమీటర్లు చాలునన్నది నా అభిప్రాయం. చూడవలసినవీ తినవలసినవీ అంతలోనే సరిపోయేటన్ని ఉన్నాయి.

ఇంటి దగ్గర సాధన

ఈ పని మన ఒడిశా–ఆంధ్ర సరిహద్దు పల్లెల్లో చక్కగా జరుగుతుంది. గుణుపురం వైపు చదునుదారి కూర్చునే ఓపికనిస్తుంది, అంతకు మించి ఇవ్వదు. ఆర్. ఉదయగిరి, మోహన వైపు పోయే కొండదారులు కాళ్ళకు బలమిస్తాయి. అయితే బ్రిటనీకి అసలైన సాధన మూడో రకం. ఊరి బయట ఒక చిన్న మెట్టను చూసుకుని, దాన్ని ఒకే పూట పది పన్నెండు సార్లు ఎక్కి దిగాలి. ప్రతిసారీ దిగుడులో కాళ్ళు ఆపకుండా తిప్పుతూ, వాగు దగ్గరకు చేరకముందే గేరు తగ్గించుకోవడం అలవాటు చేసుకోవాలి. గేరు ఆలస్యంగా మార్చడమే అక్కడ మనల్ని ఎక్కువగా అలసటపెడుతుంది. ముందు చిన్న పళ్ళచక్రం 34 పళ్ళదీ, వెనక పెద్దది 32 లేదా 34 పళ్ళదీ ఉంటే సామానుతో కూడా ఎక్కవచ్చు. టైరు 28 మిల్లీమీటర్లకు తగ్గకుండా, కాలువగట్ల మీద కూడా పోదలిస్తే 32 ఉంటే మంచిది. వరికోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పక్కనుంచి, స్పీడ్ బ్రేకర్ల మీదుగా, మేకల మధ్య నుంచి సైకిలు నడిపే మన నైపుణ్యం అక్కడ పెద్దగా పనికిరాదు, ఒక్క సందర్భంలో తప్ప. దాని గురించి రోడ్డు గుర్తుల దగ్గర చెబుతాను.

బస ఒకచోటే పెట్టుకోండి

రోజుకొక ఊళ్ళో పడుకుంటూ సాగే యాత్ర కాగితం మీద అందంగా ఉంటుంది. అయితే వాన ఎప్పుడు పడుతుందో తెలియని ప్రాంతంలో, తడిసిన బట్టలతో, సామాను మోసుకుంటూ ప్రతి సాయంత్రం కొత్త బస వెతుక్కోవడం మొదటిసారి వెళ్ళేవారికి అనవసరమైన కష్టం. ఒక ఊళ్ళో నాలుగైదు రాత్రులు ఉండి, రోజుకొక దిక్కుకు పోయి తిరిగి రావడం మేలు. అందుకు నేను సూచించే ఊరు బ్రిటనీ నడిబొడ్డున ఉన్న కారే. పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్ నుంచి వేగపు రైలు రెన్ నగరానికి గంటన్నరలో చేరుస్తుంది. అదే మార్గంలో ఇంకా పడమరకు పోయి గాంగాం అనే స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి కారేకు చిన్న రైలుంది. ప్రాంతీయ రైళ్ళలో సైకిలును అలాగే ఎక్కించవచ్చు గానీ కొక్కేలు నాలుగైదే ఉంటాయి, వేసవిలో త్వరగా నిండిపోతాయి. వేగపు రైలులోకి చక్రాలు విప్పి సంచిలో పెట్టి తీసుకుపోవడం సులువు.

కారే అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం ఏర్పడటానికి మరో కారణం ఉంది. పర్లాకిమిడి రాజావారి సన్నరైలు 1900లో నౌపడా నుంచి మొదలైన సంగతి మనవాళ్ళందరికీ తెలుసు. కారే కూడా ఒకప్పుడు అలాంటి సన్నరైలు మార్గాలకు కూడలి. మీటర్ గేజ్ పట్టాలు అక్కడి నుంచి అయిదు దిక్కులకు పోయేవి. మన మార్గాన్ని బ్రాడ్ గేజ్ చేసి మళ్ళీ రైలు నడిపారు. వారు 1967లో మీటర్ గేజ్ బళ్ళు ఆపేశారు, తర్వాత చాలా మార్గాల్లో పట్టాలు పీకి, ఆ కట్టలనే సైకిలు దారులుగా మార్చారు. రైలు ఎక్కలేనంత వాలు కట్ట మీద ఉండదు కనుక, కాళ్ళు నొప్పిగా ఉన్న రోజుకు ఇంతకన్నా మంచి దారి లేదు.

పటం చదివే పద్ధతి

ఫోన్‌లోని దారిచూపే యాప్‌లను నమ్ముకోవచ్చు గానీ, ముందుగా కాగితపు పటం ఒకటి బల్ల మీద పరిచి చూడటం వేరు. 1:200,000 కొలతలో ఉండే మిష్లాఁ కంపెనీ పటం ఇందుకు చాలు. అందులో ఎరుపు రంగు రోడ్లు పెద్దవి, వాటిని వదిలేయండి. పసుపు రోడ్లు మధ్యరకం. తెల్ల రోడ్లు పల్లెల మధ్యవి, మనకు కావలసినవి అవే. రోడ్డు పక్కన ఆకుపచ్చ గీత ఉంటే ఆ దారి చూడముచ్చటగా ఉంటుందని అర్థం. రోడ్డు మీద చిన్న బాణపు మొనలు కనిపిస్తే అవి వాలును చెబుతాయి: ఒక మొన నూటికి 5 నుంచి 9, రెండు మొనలు 9 నుంచి 13, మూడు మొనలు అంతకు మించి. మొన చూపే దిక్కు ఎక్కే దిక్కు. నాలుగు చోట్ల ఒంటి మొనలున్న దారి, ఒకచోట జంట మొనలున్న దారి ఈ రెంటిలో ఏది సులువని అడిగితే రెండోదే అని నేనంటాను. ఒకసారి దిగి నడిచినా నామోషీ లేదు, మిగతా దారంతా హాయిగా ఉంటుంది.

రోడ్ల పేర్లలో ఎన్ అక్షరం జాతీయ రహదారికి, డి అక్షరం జిల్లా రహదారికి గుర్తు. బ్రిటనీలో ఎన్12, ఎన్164, ఎన్165 రోడ్లు చాలా భాగం వేగపు వాహనాలకే కేటాయించినవి. అలా కేటాయించిన భాగాల్లోకి సైకిలు ప్రవేశం నిషిద్ధం. డి రోడ్ల విషయంలో ఒక చిక్కు ఉంది, అది సరిహద్దువాళ్ళమైన మనకు వెంటనే అర్థమవుతుంది. డి అంకెను ఏ జిల్లాకు ఆ జిల్లా ఇచ్చుకుంటుంది. ఫినిస్తేర్ నుంచి కోత్ దార్మోర్ జిల్లాలోకి అడుగుపెట్టగానే అదే తారు, అదే రోడ్డు, కానీ అంకె మారిపోవచ్చు. మహేంద్రతనయ ఏరు దాటి పాతపట్నం వైపు పోగానే రోడ్డు పలకల మీది లిపి ఒరియా నుంచి తెలుగుకు మారినట్టే ఇదీ. అందుకని అంకెను పట్టుకుని పోకుండా, తర్వాత వచ్చే మూడు ఊళ్ళ పేర్లు చీటీ మీద రాసి హ్యాండిల్ దగ్గర అంటించుకోండి.

ఆ ఊళ్ళ పేర్లు మొదట నోరు తిరగవు. పడమటి బ్రిటనీలో పలకల మీద పైన ఫ్రెంచి పేరు, కింద బ్రెటన్ భాషలో పేరు ఉంటాయి: కెంపేర్‌కు కెంపెర్, బ్రెస్ట్‌కు బ్రెస్ట్, కారేకు కరయెస్. రెండు మూడు భాషల పలకలు చదువుతూ పెరిగినవారికి ఇది వింతగా అనిపించదు. మన దగ్గర పేట, వలస, గుడ, పురం అన్న చివరలు ఊరి పుట్టుక చెప్పినట్టు, అక్కడ మొదళ్ళు చెబుతాయి. ప్లూ అంటే పాతకాలపు పారిష్, అంటే సొంత చర్చి గల ఊరు, కెర్ అంటే చిన్న పల్లె, మెనెజ్ అంటే కొండ, రోక్ అంటే బండ. కెర్‌తో మొదలయ్యే పేర్లు అడుగడుగునా ఉంటాయి, వాటిలో దుకాణం ఉండదు. ప్లూతో మొదలయ్యే ఊళ్ళో చర్చి, దాని చుట్టూ నాలుగు వీధులు, తరచుగా రొట్టెల దుకాణం ఉంటాయి. పేరు చూసి నీళ్ళూ తిండీ ఎక్కడ దొరకవచ్చో ఊహించుకోవడం ఇలా అలవాటవుతుంది. రోక్, మెనెజ్ కనిపిస్తే గేరు తగ్గించండి.

మూడు దారులు

మొదటి రోజుకు కారే నుంచి ఉత్తరాన మోర్లే వైపు పోయే పాత రైలుకట్ట దారి సరిపోతుంది. చెట్ల నీడ, మెత్తని వాలు, అక్కడక్కడ పాత స్టేషన్ల భవనాలు ఉంటాయి. ఎంత దూరం పోగలిగితే అంత పోయి వెనక్కు తిరగవచ్చు. ప్రయాణపు బడలిక తీరేలోగా కొత్త సైకిలు, కుడిపక్క రోడ్డు అలవాటవుతాయి.

రెండోది ఆరే కొండల చుట్టు. నా దృష్టిలో బ్రిటనీ లోతట్టు మొత్తంలో ఇదే మేలైన దారి, కనుక కాస్త వివరంగా చెబుతాను. కారే నుంచి పుల్లావెన్ మీదుగా హుయెల్‌గోట్ చేరాలి. అక్కడ చెరువు ఒడ్డున ఊరు, ఊరి వెనక అడవిలో ఇల్లంత బండరాళ్ళు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. సైకిలుకు తాళం వేసి అరగంట నడవండి. హుయెల్‌గోట్ నుంచి లా ఫెయ్యే మీదుగా పడమరకు పోతే చెట్లు తగ్గుతాయి, గట్లు తగ్గుతాయి, ఉన్నట్టుండి తలుపు తెరిచినట్టు ఆకాశం కనిపిస్తుంది. అంతవరకూ పొలాల చుట్టూ మట్టిగట్లు, వాటి మీద ఓక్ చెట్లు, మధ్యలో గాడిలాంటి రోడ్డు ఉండటంతో జీడితోటల కంచెల మధ్య పోతున్నట్టు ముందున్నది ఏదీ కనిపించదు. ఇప్పుడు మోకాలెత్తు పొదల బయలు, ఊదా పూలు, గోధుమరంగు గడ్డి. దూరంగా సన్నని టీవీ స్తంభం కనిపిస్తుంది. దాని దాపునే రోక్ ట్రెవెజెల్ బండలు, సుమారు 384 మీటర్ల ఎత్తున. స్తంభం కనిపించినప్పటి నుంచి చేరేదాకా అది దగ్గరకు రాదన్నట్టే ఉంటుంది, ఎందుకంటే ఎక్కుడు చాలా దూరం సాగుతుంది గానీ వాలు మెత్తన. లయ పట్టుకుని తొక్కగలిగే ఎక్కుడు బ్రిటనీలో నాకు ఇక్కడే దొరికింది. పై నుంచి డి785 మీద దక్షిణానికి తిరిగితే కుడిచేతి వైపు గుట్ట నెత్తిన ఒంటరి సెయింట్ మిషెల్ గుడి, ఎడమ వైపు కింద యెన్ ఎలెజ్ అనే బురదనేల ఉంటాయి. నరకానికి ద్వారం ఆ బురదలోనే ఉందని పాతకాలపు బ్రెటన్ కథలు చెబుతాయి. 2022 జూలైలో ఈ బయళ్ళు పెద్ద ఎత్తున తగలబడ్డాయి, కాబట్టి నిప్పు విషయంలో అక్కడివారు చాలా పట్టుదలగా ఉంటారు. బ్రాస్పార్ దగ్గర కాఫీ తాగి, తెల్ల రోడ్ల మీదుగా తూర్పుకు మళ్ళితే సాయంత్రానికి కారే. మొత్తం 80 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. చివరి 30 కిలోమీటర్లలోనే వాగులు ఎక్కువ, అక్కడికి కాళ్ళు మిగుల్చుకోండి.

మూడోది తూర్పు వైపు, నాంత్–బ్రెస్ట్ కాలువ గట్టు. 364 కిలోమీటర్ల ఈ కాలువను పందొమ్మిదో శతాబ్దపు మొదటి సగంలో తవ్వారు. గ్లోమెల్ దగ్గర మెరకను కోసి చేసిన పెద్ద కాలువకోత ఖైదీల చేత తవ్వించినది. గట్టు మీద దారి ఇసుక కలిపి దిమ్మిస కొట్టిన మట్టి, వాన పడితే సన్నని బురద గొలుసులోకి చేరుతుంది. గువరెక్ నుంచి బోఁ రెపో మఠం, గెర్లెదాన్ జలాశయం మీదుగా పోతే మ్యూర్ ద బ్రెతాన్ వస్తుంది. 1930లో పూర్తయిన గెర్లెదాన్ ఆనకట్ట వల్లనే కాలువ ఇక్కడ తెగిపోయింది. ఈ ఊరి పేరు సైకిలు ప్రపంచంలో తెలియనివారుండరు. ఊరి బయటి రెండు కిలోమీటర్ల ఎక్కుడు సగటు వాలు నూటికి 6.9. టూర్ ద ఫ్రాన్స్ అనే పెద్ద సైకిలు పందెపు దశలు 2011, 2015, 2018, 2021, 2025లలో దీని నెత్తినే ముగిశాయి. మొదటి కిలోమీటరు తాడు పట్టి గీసినట్టు సూటిగా ఉండటంతో గోడ నిలబెట్టినట్టు కనిపిస్తుంది. కంటిని పైకి కాకుండా ముందు చక్రానికి పది అడుగుల దూరంలో నిలుపుకుని ఎక్కండి. సగం దాటాక వాలు తగ్గుతుంది. ఒక రోజు వెళ్ళి, అక్కడే పడుకుని, మర్నాడు తిరిగి రావడం సుఖం.

కుడిపక్క, బ్రేకు, గుర్తులు

కుడివైపు నడపాలన్న సంగతి అందరికీ తెలుసు. బండ్లున్న రోడ్డు మీద అది మరచిపోయే ప్రమాదం తక్కువ, ఎదుటివారిని చూసి మనమూ అలాగే పోతాం. ప్రమాదమంతా ఖాళీ రోడ్డు మీదే. పొలం దగ్గర ఆగి నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కినప్పుడు చెయ్యి దానంతట అదే ఎడమకు పోతుంది. మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం: ఆగి బయలుదేరిన ప్రతిసారీ ముందున్నవాడు "కుడీ" అని కేక వేయాలి. పల్లెల్లోని ఆవులు తప్ప వినేవారు లేరు కనుక సిగ్గుపడనక్కరలేదు.

అద్దె సైకిలు తీసుకునేవారు బయలుదేరే ముందు తప్పక చూడవలసింది బ్రేకులు. మన సైకిళ్ళకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. అక్కడి సైకిళ్ళకు సాధారణంగా ఎడమచేతిది ముందు చక్రానిది. మేము ఒక చోట అద్దెకు తీసుకున్నప్పుడు దుకాణంవారు ఈ మాట చెప్పలేదు, నేనూ అడగలేదు. హుయెల్‌గోట్ దిగుడులో మలుపు దగ్గర, వెనక బ్రేకే కదా అని ఎడమచేతిని గట్టిగా నొక్కాను. వెనక చక్రం జానెడు పైకి లేచింది, ఛాతీ హ్యాండిల్‌కు తగిలింది, అదృష్టం కొద్దీ చెయ్యి వదిలేయడంతో చక్రం మళ్ళీ నేల మీద పడింది. గుండె కుదుటపడటానికి పావుగంట పట్టింది. దుకాణం ముందే నిలబడి, సైకిలును చేత్తో తోస్తూ ఒక్కొక్క బ్రేకు నొక్కి చూసుకోండి. మార్చి బిగించమని అడిగితే చాలామంది కాదనరు.

రోడ్డు నియమాల్లో మనకు కొత్తది కుడి నుంచి వచ్చేవారికి దారివ్వడం. గుర్తులేవీ లేని కూడలిలో, చిన్న సందులోంచి వచ్చే ట్రాక్టరుకైనా, అది మీ కుడివైపు నుంచి వస్తుంటే మీరే ఆగాలి. తెల్ల అంచు గల పసుపు వజ్రాకారపు పలక కనిపిస్తే ఆ రోడ్డు మీద ఉన్నవారిదే దారి. అదే పలక మీద అడ్డంగా నల్లగీత ఉంటే ఆ హక్కు అక్కడితో ముగిసిందని అర్థం. గుండ్రని కూడళ్ళలో మాత్రం లోపల తిరుగుతున్నవారికి దారివ్వాలి, వారు మీ ఎడమవైపు నుంచి వస్తారు. రాత్రివేళ, మసక వెలుతురులో ఊరి బయట మెరిసే చొక్కా వేసుకోవడం సైకిలువారికి చట్టప్రకారం తప్పనిసరి. ఊరి బయట కార్లవారు మిమ్మల్ని దాటేటప్పుడు మీటరున్నర ఎడం పాటించాలి, చాలామంది పాటిస్తారు. మన దగ్గర లారీ భుజానికి రాసుకుంటూ పోవడానికి అలవాటుపడినవారికి మొదట్లో ఆ మర్యాద అనుమానం కలిగిస్తుంది.

రెండు ఫ్రెంచి మాటలు పలకల మీద గుర్తుపట్టడం నేర్చుకోండి. 'రూత్ బారే' అంటే రోడ్డు మూశారు. 'గ్రవియోఁ' అంటే కొత్తగా చల్లిన కంకర పలుకులు. వేసవిలో పల్లెరోడ్లకు తారు పూసి పలుకులు చల్లి వదిలేస్తారు, బండ్లే వాటిని అణగదొక్కుతాయి. మలుపులో అవి గోళీల్లా పనిచేస్తాయి. ధాన్యం ఆరబోసిన రోడ్డు మీద మనం ఎలా పోతామో అలాగే పోవాలి: బ్రేకు ముట్టుకోకుండా, హ్యాండిల్ తిప్పకుండా, ఒళ్ళు సడలించి. ముందు చెప్పిన ఆ ఒక్క సందర్భం ఇదే.

తిండి, నీళ్ళు, దుకాణం తలుపు

పర్లాకిమిడి నుంచి ఏ దిక్కుకు పోయినా పది కిలోమీటర్లకొక టీ బడ్డీ ఉంటుంది, దాని ముందు బల్ల ఉంటుంది. బ్రిటనీ పల్లెల్లో ఆ ధీమా పనికిరాదు. దుకాణాలు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకు మూసి, రెండింటికో ఇంకా తర్వాతో తెరుస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి దాదాపు అన్నీ మూతే. చాలా రొట్టెల దుకాణాలూ హోటళ్ళూ సోమవారం కూడా తెరవవు. మేము ఒక సోమవారం మూడు ఊళ్ళు దాటి, మూడు తలుపుల మీద 'ఫెర్మే' అన్న అట్టముక్క చదువుకుని, చివరకు సంచిలో అడుగున మిగిలిన వేరుశనగ ఉండలతో ఆ పూట గడిపాం. అందుకని మధ్యాహ్నపు తిండి పొద్దున పదింటికే కొని జేబులో వేసుకోవాలి. సోమవారం తినేది శనివారమే కొనాలి.

నీళ్ళకు మాత్రం ఒక మంచి ఉపాయం ఉంది, ఫ్రాన్స్‌లో సైకిలు తొక్కేవారందరూ వాడేదే. ప్రతి ఊళ్ళోనూ శ్మశానవాటిక ఉంటుంది, సమాధుల మీది పూలకు పోయడానికి లోపల కుళాయి ఉంటుంది. ఈ మాట మొదట విన్నప్పుడు మా బావ ముఖం చిట్లించాడు, ఎండలో రెండు ఊళ్ళు దాటాక మారుమాట్లాడకుండా గేటు తీశాడు. 'నోఁ పొతాబ్ల్' అని రాసి ఉంటే అవి తాగే నీళ్ళు కావు. ఏమీ రాసి లేకపోతే చాలామంది తాగుతారు. అనుమానముంటే పక్క ఇంటి తలుపు తట్టి సీసా చూపిస్తే నింపి ఇస్తారు.

తెరిచి ఉన్న అట్ల దుకాణం కనిపిస్తే మాత్రం వదలకండి. గాలెట్ అనేది బక్‌వీట్ అనే గింజల పిండితో పోసే పెద్ద అట్టు. ఆ నల్లని రంగు, అంచుల్లో చిల్లులు, వెన్న తగలగానే వచ్చే మాడు వాసన చూస్తే చోడిపిండి అట్టు గుర్తుకు రాకమానదు. దాన్ని వెడల్పాటి ఇనుప పెనం మీద చిన్న కర్ర పలకతో గుండ్రంగా తిప్పి పరుస్తారు, మధ్యలో గుడ్డూ చీజూ వేసి నాలుగంచులూ మడుస్తారు. మామూలుగా పంది మాంసం కూడా వేస్తారు కనుక, వద్దనుకునేవారు 'సాఁ జాంబోఁ' అని ముందే చెప్పాలి. రెండు గాలెట్లతో 40 కిలోమీటర్లు పోవచ్చు. ఇక ఉప్పువెన్న, పంచదార పొరలు పొరలుగా వేసి కాల్చే క్విన్యమన్ అనే రొట్టె ఉంది. అది తిని వెంటనే ఎక్కుడు ఎక్కకండి.

గాలి, వెలుతురు, బట్టలు

గాలి ఎక్కువగా పడమర నుంచి, సముద్రం మీద నుంచి వస్తుంది. కాబట్టి పొద్దున కాళ్ళు తాజాగా ఉన్నప్పుడు పడమరకు ఎదురుగాలిలో పోయి, మధ్యాహ్నం గాలి వీపున పెట్టుకుని తిరిగి రావాలి. ఆరే కొండల చుట్టును నేను అలా వేయడానికి కారణం ఇదే. ఆగస్టులో పగటి వేడి 20 డిగ్రీలు దాటి కొంచెం, అంటే మనకు పుష్యమాసం. వాన ఏ నెలలోనైనా పడుతుంది, పడినా గంటలో ఆగుతుంది, ఆగినా మళ్ళీ పడుతుంది. చలి ఆపే పలుచని చొక్కా, వాన ఆపే కోటు, వేళ్ళున్న చేతితొడుగులు సంచి పైనే ఉండాలి. జూన్‌లో పొద్దు రాత్రి పది దాటాక గూకుతుంది. ఎండను చూసి టైము లెక్కకట్టే అలవాటున్నవారు హోటలు వంటగది మూసేశాక ఊరు చేరతారు.

వీసా సంగతి క్లుప్తంగా: షెంగెన్ వీసాకు దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి చేసుకోవచ్చు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. సైకిలు ప్రమాదానికి ఆ బీమా వర్తిస్తుందో లేదో చిన్న అక్షరాల్లో చదవండి. అత్యవసరానికి ఫోను నంబరు 112.

ఈ దారుల మీదే 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ ఇప్పుడు నాలుగేళ్ళకోసారి జరుగుతుంది, తర్వాతిది 2027 ఆగస్టులో. మేము కారేలో ఉన్న రాత్రి ఆ సైకిళ్ళవారు వరుసగా వచ్చారు. ఊరి మొదట్లో ఒక ముసలామె మడత బల్ల వేసి, ఫ్లాస్కులో కాఫీ, పళ్ళెంలో కోసిన అట్లు పెట్టుకుని అర్ధరాత్రి దాకా కూర్చుంది, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. మన దేశం జెర్సీతో వచ్చిన ఒకాయన ఆ బల్ల దగ్గర నిలబడి నిద్రపోతూనే అట్టు నమిలాడు. ఆ యాత్రకు పోదలిచేవారు అదే సంవత్సరంలో 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలను, అంటే గడువు పెట్టి తొక్కించే దూరపు సవారీలను, వరుసగా 13 గంటల 30 నిమిషాలు, 20, 27, 40 గంటల గడువుల్లో పూర్తిచేయాలి. ముందు సంవత్సరం ఎంత పెద్ద బ్రెవే తొక్కారన్న దాన్ని బట్టి నమోదులో వరుస వస్తుంది. అంటే 2027కు వెళ్ళాలనుకునేవారి పని 2026లోనే మొదలవుతుంది. మన దేశంలో బ్రెవేలు చూసుకునే ఆడాక్స్ ఇండియా సంస్థ పట్టికలో మీకు దగ్గరి ఊళ్ళో జరిగే బ్రెవేల తేదీలు ముందుగా రాసుకోండి, వానాకాలానికి ముందున్నవాటిని ఎంచుకోండి.

తిరుగుప్రయాణంలో సైకిలును పెట్టెలో సర్దే ముందు గొలుసును మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, నూనె వేయండి. సముద్రపు గాలిలోని ఉప్పు, కాలువగట్టు ఇసుక కలిసి ఉన్న గొలుసును అలాగే మూసేస్తే, పర్లాకిమిడిలో పెట్టె తెరిచేసరికి ప్రతి లంకె తుప్పు పట్టి ఉంటుంది. మా బావ గొలుసు అలాగే పోయింది.